బోడిమిట్టకు వచ్చిన కాకి

బోడిమిట్ట మీద చెట్టు లేదు. చెట్టు లేదు కాబట్టి కాకి లేదు. కాకి లేదు కాబట్టే కత్తెరపిట్టలు ఏటా ఎండలు ముదరకముందే అక్కడికి వచ్చి గుడ్లు పెట్టేవి.

పెన్నకు అడ్డంగా ఆనకట్ట కట్టినప్పుడు నీళ్ళు వెనక్కి తన్ని బద్వేలు వైపు చాలా పల్లెలు మునిగాయి. కుంటసానిపల్లె అందులో ఒకటి. ఊరి జనం రోడ్డు పక్కన కట్టించిన కాలనీకి వెళ్ళారు. ఊరి శ్మశానం మాత్రం ఎత్తు మీద ఉండడంతో మునగలేదు. ఇళ్ళు, చేలు, బావులు నీళ్ళ కిందికి పోయి, చచ్చిపోయినవాళ్ళు మాత్రం పొడిగా మిగిలారు. చుట్టూ నీళ్ళు చేరి ఆ మిట్ట ఒక చిన్న ద్వీపమైంది. గులకరాళ్ళు, అక్కడక్కడా గడ్డి, పాత సమాధుల మీది బండలు తప్ప దాని మీద ఇంకేమీ లేవు. తర్వాత్తర్వాత అటవీశాఖవాళ్ళు దానికి నీటిపక్షుల రక్షిత ప్రాంతమని బోర్డు పెట్టారు.

నేను బద్వేలులో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. నా భార్య స్వర్ణలత చనిపోయాక ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేకుండా పోయింది. అప్పుడు ఆరాధన ఫోన్ చేసింది. నా దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు అక్కడ రేంజరు. "సార్, పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో మిట్ట మీద ఉండి చూసేవాళ్ళు కావాలి. జీతం లేదు. ఎండ మాత్రం బాగా ఉంటుంది" అంది. ఎట్లా ఉన్నారని అడగకుండా, ఓదార్చకుండా, నేరుగా పని చెప్పినందుకు ఆ పిల్లకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మిట్టకు ఉత్తరపు కొసన గోనెపట్టలు కట్టిన చిన్న గుడిసె నాది. గోనెకు చేసిన కంతలోంచి టెలిస్కోపు బయటికి చూసేది. కుంటసానిపల్లెకే చెందిన మత్స్యకారుడు మాబు సాహెబ్ తన పుట్టిలో, అంటే గుండ్రంగా అల్లిన వెదురు పడవలో, పొద్దున్నే నన్ను దించి సాయంత్రం తీసుకెళ్ళేవాడు. నీళ్ళు తగ్గేకొద్దీ మునిగిన ఊరి బడి పైకప్పు బయటపడేది. దాని మీదికి నీటికుక్కలు పిల్లలతో సహా ఎక్కి, చేపల్ని చేతుల్తో పట్టుకుని తలకాయ నుంచి తినేవి. ఒకప్పుడు ఎవరి ఇంటిదో, ఒక ప్రహరీ గోడ కూడా తేలేది. దాని మీద తాబేళ్ళు వరసగా ఎండ కాగేవి. మనుషులు ఖాళీ చేసిన చోట వేరే కుటుంబాలు చేరాయని నాకు కొంచెం సంతోషంగానే ఉండేది.

కత్తెరపిట్టను పుస్తకాల్లో నదీ రీవ అంటారు. నల్ల టోపీ పెట్టినట్టు తల, పసుప్పచ్చ ముక్కు, తెరిచిన కత్తెరలాంటి తోక. సముద్రపు పక్షుల కుటుంబం దానిది. ఏటా ఆ పాఠం చెప్పేవాణ్ణి, సముద్రం చూడని పిల్లలకు, సముద్రాన్ని ఒక్కసారే చూసిన నేను. అది గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య పొట్టతో చిన్న గుంట చేసి అందులోనే గుడ్లు పెడుతుంది. మధ్యాహ్నం రాళ్ళు పెనంలా కాలుతుంటే తల్లి నీళ్ళ మీదికి వెళ్ళి పొట్ట తడుపుకొని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడి ఆరేసరికి తండ్రి తడిసి వస్తుంది. జ్వరంలో ఉన్న మనిషికి తడిగుడ్డ మార్చినట్టు ఉంటుంది చూస్తే. నేను ఆ పని చేసినవాణ్ణే కాబట్టి ఎంతసేపైనా చూసేవాణ్ణి.

మిట్టకు కావలి మనిషి ఓబుళేశు. నలభై దాటినవాడు, కుంటసానిపల్లె వాడే. బెంగళూరులో సెక్యూరిటీ పని వదిలేసి ఈ తాత్కాలిక ఉద్యోగంలో ఎందుకు చేరావని మొదట్లోనే అడిగాను.

"మా అబ్బ ఈడ్నే ఉండాడు సార్. మా జేజి ఈడ్నే ఉండాది" అని పడమటి వైపు తన తాత, నాయనమ్మల సమాధి బండలు రెండు చూపించాడు. "పిట్టలు ఉన్నంత వరకూ ఎవురూ ఈ మిట్ట జోలికి రారు. పిట్టలు మావోళ్ళకు కావలి. నేను పిట్టలకు కావలి."

ఆ మాట ఎంత నిజమో ఆ ఏడాది ఆరాధన వచ్చి చెప్పింది. వరసగా రెండు ఎండాకాలాలు వడగాడ్పులకు పిట్టపిల్లలు బతకలేదు. ఈసారి ఎండాకాలం చివర పైనుంచి కమిటీ వస్తుంది. పిల్లలు ఎగిరితే సరే, లేకపోతే రక్షిత ప్రాంతమనే పేరు తీసేస్తారు.

"బోటు షికారు కంపెనీవాళ్ళు ఇప్పటికే మ్యాపు వేయించుకున్నారు సార్. కాటేజీలు, హోటలు, వాటర్ స్కూటర్లు."

"మా సమాధులు మేడం?" అన్నాడు ఓబుళేశు.

ఆరాధన చెప్పులతో గులకరాళ్ళు సర్దింది. "మ్యాపులో సమాధులు లేవు ఓబుళేశూ."

అది జరిగిన కొన్నాళ్ళకే, మాఘమాసంలో, ఓబుళేశు తండ్రి సుబ్బయ్య చనిపోయాడు. కిడ్నీలు పాడై చాలాకాలం మంచాన ఉన్నాడు. అమ్మానాన్నల పక్కనే పెట్టమని అడిగి పోయాడు. మిట్ట మీద కొత్తగా పూడ్చకూడదని నిబంధన. అనుమతి కోసం ఓబుళేశు, నేను మార్చి మార్చి ఆరాధనకు ఫోన్ చేశాం. ఆ రోజంతా ఆమె ఎత్తలేదు. ఎత్తి ఉంటే వద్దనాల్సి వచ్చేది. ఆ సంగతి అర్థమయ్యాక మాబు సాహెబ్ రెండు పుట్లు కలిపి కట్టి సుబ్బయ్యను నీళ్ళు దాటించాడు.

మూడో నాడు కూడు పెట్టడానికి వచ్చారు. సుబ్బయ్య భార్య నాగలక్ష్మమ్మ విస్తరాకులో రాగిసంగటి, ఎండుచేపల పులుసు పెట్టి, కొత్త మట్టి మీద నీళ్ళు చిలకరించి, పక్కకు వచ్చి కూర్చుంది. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తిన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. కత్తెరపిట్టలు అప్పుడే ఒకటీ రెండూ చేరి నీళ్ళ మీద తిరుగుతున్నాయి. కాకి జాడ లేదు.

"వదినా, ఈడికి కాకి రావాలంటే దానికి నా పుట్టే గతి" అన్నాడు మాబు సాహెబ్.

"నీకు ఎగతాళిగా ఉండాదా మాబూ?"

"ఎగతాళి గాదు. సుబ్బన్న బతికినన్నాళ్ళూ పుట్టి ఎక్కినాడే గానీ ఒక్కనాడు తెడ్డు పట్టినాడా? ఇప్పుడు మాత్రం సొంతంగా నీళ్ళు దాటొస్తాడా?"

ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తెలియలేదు.

"ఆవుకు పెడదాం లేమ్మా. కాలనీలో ఇప్పుడు శానామంది అట్లే చేస్తాండారు" అన్నాడు ఓబుళేశు.

"ఆవుకు పెడితే ఆవు తింటాది. మీ నాయన తిన్నట్లు ఎట్లయితాది?"

ఆమె పట్టుదల వెనక ఉన్న సంగతి తిరుగు ప్రయాణంలో మాబు సాహెబ్ చెప్పాడు. డాక్టరు ఉప్పు మానమన్నాడు. నెలల తరబడి ఆమె భర్తకు ఉప్పు లేని గంజే పోసింది. చనిపోయే ముందు రోజు సుబ్బయ్య ఎండుచేపల పులుసు అడిగాడు. ఆమె మళ్ళీ గంజే తెచ్చింది. ఆయన గిన్నెను చేత్తో తోసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంక ఇటు తిరగలేదు.

మర్నాడు ఆమె మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడు కూడా. పెద్ద దినం అయిపోయినా మానలేదు. కొడుకు డ్యూటీకి వచ్చే పుట్టిలోనే చిన్న క్యారియరుతో ఎక్కేది. విస్తరాకులో వడ్డించి, కూర్చుని, ఎదురుచూసి, సాయంత్రం కొడుకుతో పాటు దిగిపోయేది. మిగిలిన కూడు రాత్రికి చీమల పాలు. అప్పటికి కత్తెరపిట్టలు గుంపుగా దిగి, తూర్పువైపు గులకరాళ్ళలో గుడ్లు పెట్టడం మొదలైంది.

నేను ఓబుళేశును పక్కకు పిలిచాను. "కాకి గుడ్లు తింటుంది ఓబుళేశూ. ఇంతవరకూ దానికి ఇక్కడ పని లేదు కాబట్టి రాలేదు. మనమే పని కల్పిస్తున్నాం."

"ఒక్క కాకి సార్. ఒక్కసారి ముడితే మాయమ్మ ఇంగ రాదు. ఇంట్లో ముద్ద గూడా తినడం ల్యా. నీ నాయన తినకుండా నేనెట్ల తినేది అంటాది."

"ఒక్క కాకి అనేది ఉండదయ్యా."

"తెలుసు సార్" అన్నాడు. అని, మిట్ట అంచుకు నడిచి నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. క్లాసులో పిల్లలకు చెప్పేవాణ్ణి కూడా, కాకికి ఆకలి తప్ప ఇంకేమీ తెలియదని. కానీ స్వర్ణలత దినం నాడు మా మిద్దె మీద ముద్ద పెట్టి చేతులు దించకముందే కాకి వచ్చి వాలింది. చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి వదిలేసి వడను ముక్కున కరుచుకుని పోయింది. ఆ రోజు నేను మిద్దె మెట్ల మీద కూర్చుని, ఎవరూ చూడకుండా, చాలా రోజుల తర్వాత ఊపిరి తీసుకున్నాను. ఊరంతా కాకులుండే చోట నాకు ఊరికే దొరికినది ఈ ముసలామెకు దొరకడం లేదు. వెళ్ళి వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మాబు సాహెబ్‌కు మాత్రం ఓర్పు పోయింది. అవతలి రేవులో ఆయన చేపలు శుభ్రం చేసే చోట కాకులు మూగి ఉండేవి. ఒకరోజు చేప తలకాయలు, పేగులు పుట్టి అంచున వేసుకుని, కొంచెం కొంచెంగా నీళ్ళలో రాలుస్తూ వచ్చాడు. రెండు కాకులు సగం దూరం దాకా వచ్చి వెనక్కి మళ్ళాయి. మర్నాడు ఇంకొంచెం దూరం వచ్చాయి.

"ఏం చేస్తున్నావు మాబూ?" అన్నాను.

"సుబ్బన్నను తోలుకొస్తాండా సార్" అన్నాడు నవ్వుతూ. "చిన్నప్పటి నుంచీ మొండోడు. బతిమాలితే గానీ రాడు."

అతని నవ్వు చూసి నేనూ నవ్వాను.

వచ్చింది. ఒక పొద్దున పుట్టి వెనకే ఒంటరి కాకి ఎగురుతూ వచ్చి, నీళ్ళు దాటి, సుబ్బయ్య తల్లి సమాధి బండ మీద వాలింది. అందరం బిగుసుకుపోయాం. నాగలక్ష్మమ్మ లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా మాట్లాడితే ఎగిరిపోతుందేమోనన్నట్టు మెల్లగా అంది:

"రాప్పా. ఉప్పేసినా. తిను."

కాకి పక్కచూపులు చూసింది. గెంతుకుంటూ విస్తరి దగ్గరికి వచ్చింది. సంగటిని ఒకసారి పొడిచి వదిలేసి, చేపముక్క ఎత్తుకుంది.

"ఆయప్పే" అందామె. "బతికినప్పుడు గూడా ముందు కూర తినేటోడు. సంగటి నా మొగాన ఉండేది."

మాబు సాహెబ్ తల పక్కకు తిప్పుకుని తలపాగా సర్దుకున్నాడు. ఓబుళేశు తన టిఫిన్ డబ్బా తెరిచి తల్లి ముందు పెట్టాడు. ఆమె అక్కడే, ఆ ఎండలోనే, చేయి కడుక్కుని చిత్రాన్నం తిన్నది. మెతుకు మిగల్చకుండా తిన్నది. ఆ రోజు మిట్ట మీద అందరం సంతోషంగా ఉన్నామని చెప్పగలను. కత్తెరపిట్టలు కూడా గుడ్ల మీద నింపాదిగా కూర్చునే ఉన్నాయి.

మర్నాటి నుంచి ఆమె రాలేదు. మాబు సాహెబ్ చేప తలకాయలు తేవడం మానేశాడు. కాకి మాత్రం మానలేదు.

మొదట ఒకటే వచ్చి సమాధి చుట్టూ వెతికి పోయింది. తర్వాత తోడు తెచ్చుకుంది. సమాధి దగ్గర ఏమీ దొరక్కపోతే తూర్పువైపు నడిచాయి. టెలిస్కోపులో చూస్తున్నాను. సంతలో కూరగాయలు ఏరుకునే మనిషిలా ఒక కాకి తీరిగ్గా రాళ్ళ మధ్య నడిచింది. కత్తెరపిట్టలు పైనుంచి దాని నెత్తి మీదికి దూకాయి, అరిచాయి, రెట్టలు వేశాయి. దాని కోసం అవి లేచినప్పుడు ఇంకో కాకి వెనక నుంచి వచ్చి గుడ్డు ఎత్తుకుంది. రాయికీ గుడ్డుకూ తేడా మనకే తెలియదు. కాకికి ఒక్క పూటలో తెలిసిపోయింది.

ఓబుళేశు ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ తెచ్చి, టేపు బయటికి లాగి కర్రలకు కట్టాడు. గాలికి అది గుయ్యిమని మోగింది. కాకులు ఒకరోజు దూరంగా కూర్చుని విన్నాయి. రెండోరోజు ఆ కర్రల మీదే వాలాయి. తుపాకీ పేల్చడానికి, మందు పెట్టడానికి వీల్లేదని ఆరాధన చెప్పింది. చెప్పకపోయినా మేం ఆ పని చేయలేం. కమిటీ వచ్చే రోజు దగ్గర పడుతోంది. ఓబుళేశు పగలంతా తువ్వాలు విసురుతూ మిట్ట మీద పరుగెత్తేవాడు. సాయంత్రం పుట్టిలో కూలబడేవాడు.

ఒకరోజు నాగలక్ష్మమ్మ మళ్ళీ పుట్టి దిగింది. ఈసారి చేతిలో క్యారియరు లేదు. ఒడిసెల ఉంది. జొన్నచేలకు పిట్టలు పడకుండా మంచె మీద నిలబడి రాళ్ళు విసిరే తాళ్ళ ఒడిసెల, కొత్తగా పేనినది.

"ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు ఓబుళేశు.

"మాబు చెప్పినాడు. కన్న కొడుకు చెప్పల్యా." ఆమె వంగి గుండ్రటి రాళ్ళు ఏరుకుంటూ ఉంది. "పిట్టలు పోతే మిట్ట పోతాదంట గదా. ఆ ఒక్క మాట ముందే చెప్పింటే నేను కూడు తెచ్చేదాన్నా?"

ఓబుళేశు చేతిలోని తువ్వాలును వేళ్ళకు చుట్టుకున్నాడు.

"నోరు లేదా నీకు?"

"నువ్వు తినడంల్యా గదమ్మా" అన్నాడు.

ఆమె డెబ్బై దాటిన మనిషి. కానీ ఒడిసెల చేతికి వచ్చేసరికి భుజం వేరేలా తిరిగింది. ఆమె పదేళ్ళ పిల్లగా కాసిన చేను మాకు ఎదురుగానే, నీళ్ళ కింద ఎక్కడో ఉంది. రాయి బుయ్యిమని పోయి కాకి ముందర పడింది. కాకులు లేచిపోయాయి. వాటితో పాటే కత్తెరపిట్టలన్నీ లేచాయి.

అక్కడే వచ్చింది చిక్కు. రాయి పడినప్పుడల్లా తల్లులు లేచేవి. చాలాసేపు గాలిలోనే తిరిగేవి. చైత్రం ఎండ. తల్లి నీడ లేని గుడ్డు ఆ రాళ్ళ మీద ఎక్కువసేపు బతకదు. నేను టెలిస్కోపులోంచి ఆ గుడ్లను చూస్తూ, ఆమె విసురు విన్నప్పుడల్లా కళ్ళు మూసుకునేవాణ్ణి. మధ్యాహ్నానికి గుడిసెలోంచి బయటికి వెళ్ళక తప్పలేదు.

"అమ్మా, రాయి వేయొద్దు. తల్లులు లేస్తున్నాయి. ఎండకు గుడ్లు చచ్చిపోతున్నాయి."

ఆమె చేయి సగంలో ఆగింది. "వేస్తే ఎండకు పోతాయి. వేయకపోతే కాకికి పోతాయి. నన్నేం చేయమంటావు సారూ?"

"కూర్చోండి" అన్నాను. ఆమె ఒడిసెలను మెడలో వేసుకుని భర్త సమాధి పక్కన కూర్చుంది. రోజూ వచ్చేది. రోజూ కూర్చునేది. నెత్తిన తడిగుడ్డ వేసుకుని, కాకులు నడుస్తుంటే చూస్తూ, పిడికిట్లో రాయి పట్టుకుని కూర్చునేది.

చివరికి ఒకే ఒక్క పిల్ల మిగిలింది. మిట్ట అంచున, ఒక పగిలిన బండ నీడలో పొదిగిన గుడ్డులోంచి వచ్చింది. ఇసుక రంగు నూగు, ఇంకా ఈకలు రాలేదు. తల్లిదండ్రులు ఒకటి చేప కోసం పోతే ఇంకొకటి దాని మీద నిలబడి నీడ పట్టేది. ఆ ఒక్క పిల్ల ఎగిరితే చాలు సార్ అంది ఆరాధన ఫోనులో, ఒక్కటి చూపించి మాట్లాడగలను. ఓబుళేశు దాని వైపు కనీసం నడిచేవాడు కూడా కాదు, తన నీడకు అది బెదురుతుందేమోనని. మాబు సాహెబ్ పుట్టిని అటువైపు తేవడం మానేశాడు. నలుగురం పెద్దవాళ్ళం అరచేయంత లేని ఒక పిట్టపిల్ల పెద్దదయ్యే దాకా ఊపిరి బిగబట్టి ఉన్నాం.

కాకి ఆ బండ వెనక నుంచి వచ్చింది. నేను చూసేసరికి పిల్ల దాని ముక్కున ఉంది. తల్లి దాని వెంటపడి అరుస్తోంది. కాకి నీళ్ళు కూడా దాటలేదు. నేరుగా వచ్చి సుబ్బయ్య సమాధి మీద, తనకు అలవాటైన చోటనే వాలి, కాలి కింద అదిమిపెట్టుకుని తినసాగింది.

నాగలక్ష్మమ్మ దానికి మూడు బారల దూరంలో ఉంది. లేచి నిలబడింది. పిడికిట్లోని రాయిని ఒడిసెలలో పెట్టకుండానే విసిరింది.

"తినినావు గదా" అంది. "సంగటి తినినావు. చేప తినినావు. ఉప్పేసి పెట్టినా గదా. ఇంగ నీ కొడుకు కూడు గూడా కావల్నా నీకు? ఈ మట్టి గూడా కావల్నా? బతికినప్పుడూ నా చేతి గిన్నె తోసేస్తివి. సచ్చినాక గూడా నన్ను కూర్చోనియ్యవా?"

కాకి పైకి లేచి, రెండు గజాలు పక్కకు వాలి, మళ్ళీ తినడం మొదలుపెట్టింది. ఆమె మళ్ళీ రాయి తీసుకోలేదు. ఆమె తిట్టినది కాకినో మొగుణ్ణో మాలో ఎవరికీ తెలియదు. ఆమెకూ తెలియదనుకుంటాను. మాబు సాహెబ్ వచ్చి, "పా వదినా, ఎండగా ఉండాది" అని ఆమె మెడలోని ఒడిసెల తీసి తన భుజాన వేసుకున్నాడు. ఆయన దాన్ని మళ్ళీ ఎవరికీ చూపించలేదు.

రెండురోజుల్లో కత్తెరపిట్టలు మిట్ట వదిలి వెళ్ళిపోయాయి. నీళ్ళ మీద ఒకటో రెండో కనబడేవి, చేపల కోసం. మిట్ట మీద వాలేవి కావు.

కమిటీ అని వచ్చినవాళ్ళు ఇద్దరు. టోపీలు, నీళ్ళ సీసాలు. తూర్పువైపు కొంచెం దూరం నడిచి, పెంకులు చూసి, ఫోటోలు తీసుకున్నారు. ఆరాధన వాళ్ళ వెనక నడుస్తూ నా వైపు చూడలేదు.

ఓబుళేశు వాళ్ళకు ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. "తప్పు మాది సార్. మా నాయనకు కూడు పెట్టి మేమే కాకుల్ని మరిగించినాం. పిట్టలకు ఈ చోటు మంచిదే. నన్ను పనిలోంచి తీసేయండి. నా తప్పని రాయండి. ఇంకొక్క ఏడు చూడండి."

ఆ పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. ఓబుళేశు భుజం తట్టాడు కూడా. "కారణం ఏదైతేనేమయ్యా, గూళ్ళు లేవు కదా. మాకు కావాల్సింది అదే" అన్నాడు.

ఓబుళేశు ఉద్యోగం పోలేదు. కాపలా కాయాల్సిన ప్రాంతమే పోయింది కాబట్టి ఉద్యోగం దానంతటదే అయిపోయింది.

ఆషాఢంలో నేను గుడిసె విప్పుకుని టెలిస్కోపు తెచ్చుకోవడానికి వెళ్ళాను. నెల మాసికానికని ఓబుళేశు, నాగలక్ష్మమ్మ కూడా అదే పుట్టిలో వచ్చారు. మిట్ట మీద అప్పటికే పదిమంది కూలీలు, ముగ్గు గీతలు, పాతిన మేకులు. పాత బోర్డు కింద పడి ఉంది, దాని మీద సిమెంటు బస్తాలు పేర్చారు. కంపెనీ సూపర్‌వైజరు వంశీ అనే కుర్రవాడు, ప్రొద్దుటూరు వైపు మనిషి. మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు.

"అన్నా, నువ్వేనంట గదా ఈడ కావలి ఉన్నింది. మీ ఊరోళ్ళ సమాధులని తెలీక మేస్త్రీ నిన్న ఒక బండ కదిలిచ్చినాడు. మళ్ళీ పెట్టిచ్చినా." అతను తల గోక్కున్నాడు. "ఈ ఏటికి ఒక పక్కే కాటేజీలు కడతాండాం. తూర్పు పక్కైనా సరే, పడమటి పక్కైనా సరే. ఇంజనీరు నా ఇష్టానికి వదిలేసినాడు. నువ్వు చెప్పు, యాడ తవ్వమంటావు?"

తూర్పు వైపు, పిట్టలుండిన గులకరాళ్ళకు ఎగువన, కుంటసానిపల్లె మిగతా సమాధులన్నీ ఉన్నాయి. మాలవాళ్ళవి, రెడ్లవి, బోయవాళ్ళవి, కొంచెం ఎడంగా మాబు సాహెబ్ పెద్దలవి. పడమటి వైపు మూడే. ఓబుళేశు అబ్బ, జేజి, తండ్రి. ఏ పక్క ఎవరున్నారో అక్కడ మాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తూర్పు అని ఒక్క మాట అంటే చాలు. కాలనీలోవాళ్ళు అడిగినా కంపెనీ తవ్విందని చెప్పుకోవచ్చు.

ఓబుళేశు తూర్పువైపు చూశాడు. పడమటివైపు చూశాడు. మాబు సాహెబ్ తెడ్డు పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు, తన వైపు చూస్తే ఓబుళేశు మాట మారుతుందేమోనన్నట్టు.

"పడమర తవ్వండి నాయనా" అంది నాగలక్ష్మమ్మ.

"అమ్మా" అన్నాడు ఓబుళేశు.

"వాళ్ళ పెద్దోళ్ళు ఏం చేసినారు? కాకిని పిలిచింది నేను. తినింది మీ నాయన." ఆమె వంశీ వైపు తిరిగింది. "ఈ పక్క మావోళ్ళే ముగ్గురుండారు. ఇంగెవురూ లేరు. ఆ పక్కోళ్ళను కదిలిచ్చొద్దు."

వంశీ మొదట కాళ్ళకున్న బూట్లు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత కూలీలను కొంచెం దూరం పొమ్మని చేయి ఊపాడు. "మీరు కావాలంటే పక్కకు మార్చుకోండవ్వా. రెండు దినాలు ఆగుతా" అన్నాడు.

"యాడికి మార్చేది అప్పా" అందామె. చుట్టూ నీళ్ళే ఉన్నాయి.

ఓబుళేశు ఒక కూలీ దగ్గరికి వెళ్ళి గడ్డపార అడిగి తీసుకున్నాడు. పరాయివాళ్ళ చేత మొదటి దెబ్బ పడకూడదనుకున్నాడో ఏమో. తాత సమాధి బండ కిందికి గడ్డపార దూర్చి లేపాడు. నేను, మాబు సాహెబ్ చెరో కొస పట్టుకున్నాం. బండ ఎండకు కాలిపోతూ ఉంది. దాని కింద మట్టి మాత్రం చల్లగా, తడిగా ఉంది. ఎత్తనైతే ఎత్తాం గానీ, దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో తెలియక, ఇద్దరం అట్లాగే పట్టుకుని నిలబడ్డాం.